మంగళవారం పిండి

మొన్న ఫ్రిజ్ సర్దుతుంటే వెనకాల మూలన, నాలుగు రోజుల నాటి ఇడ్లీ పిండి గిన్నె దొరికింది. మూత తియ్యగానే పులుపు గుప్పుమంది. మా ఆయన పేపర్లోంచి తలెత్తి, "పారబొయ్యరాదూ" అన్నారు. "ఎందుకండీ పారబొయ్యడం, మంగళవారం పిండి కదా" అన్నాను. ఆయన గోడ మీది క్యాలెండర్ వంక చూశారు. ఆ రోజు శుక్రవారం. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఈ మాట ఆయనకు అలవాటు కాలేదు. పాపం, ఏలూరు మనిషి.

ఇది మా పుట్టింటి మాట. మాది గుంటూరు బ్రాడీపేట. అక్కడ చిరునామాలు లెక్కల పుస్తకంలో భిన్నాల్లా ఉంటాయి. పైన లైను నంబరు, కింద అడ్డరోడ్డు నంబరు. కొత్తగా వచ్చిన చుట్టాలు రిక్షావాడికి ఆ రెండు అంకెలు తారుమారు చేసి చెప్పి, ఎక్కడో దిగి, చెమటలు కక్కుకుంటూ వచ్చేవాళ్ళు. మాది ఏ భిన్నమో ఇప్పుడు చెప్పి లాభం లేదు. ఆ పెంకుటిల్లు పోయి అపార్ట్‌మెంట్ లేచింది.

ఆ ఇంట్లో శనివారం సాయంత్రం అమ్మ రుబ్బురోలు ముందు కూర్చునేది. గ్లాసు మినప్పప్పుకి రెండున్నర గ్లాసుల ఇడ్లీ రవ్వ. నాన్న సహకార బ్యాంకులో గుమాస్తా, కాబట్టి మాకు వచ్చేది పొట్టు పప్పే. అదే చవక. మధ్యాహ్నం నానబోస్తే సాయంత్రానికి పొట్టు వదిలేది. చేత్తో పిసికి నీళ్ళు వంచుతుంటే నల్లగా తేలిపోయే ఆ పొట్టుని కూడా అమ్మ పారబోసేది కాదు. ఎండలున్న రోజుల్లో వడియాలకి, లేకపోతే పాలు పోసే ఆవిడ గేదెకి. పొత్రం తిప్పడం అమ్మ పని. రోటి అంచు మీదికి ఎగబాకిన పిండిని మధ్యలోకి తొయ్యడం నా పని. వేళ్ళు నలగకుండా తొయ్యాలంటే పొత్రం చుట్టూ తిరిగే చప్పుడుని వినాలి. గరగరమంటే పప్పు ఇంకా నలగలేదని అర్థం. చప్పుడు మెత్తబడి గుడగుడమంటే అయిపోవచ్చిందని. అమ్మ చిన్న ఉండ తీసి చెంబులో నీళ్ళలో వేసేది. తేలితే లేచి నడుం విరుచుకునేది. మునిగితే ఇంకో పావుగంట నాకు విముక్తి లేదు.

ఆదివారం పొద్దున్నే ఇడ్లీ. తడి గుడ్డ పరిచి పోసిన ఇడ్లీలు. విజయవాడ రేడియోలో భక్తిరంజని అయ్యేలోపు మొదటి వాయి దిగాలి, అది రూలు. విజయవాడ స్టేషన్ పెట్టింది 1948లో. అమ్మ పుట్టింది 1946లో. "నాకంటే రెండేళ్ళు చిన్నది, దానికి నేను భయపడేదేంటి" అనేది కానీ, వార్తలు మొదలయ్యేసరికి వాయి దిగకపోతే కంగారు పడిపోయేది. ఇడ్లీలోకి అల్లం పచ్చడి ఉన్నా లేకపోయినా నల్లకారం, నెయ్యి ఉండాలి. నల్లకారం అంటే ధనియాలు, ఎండుమిరపకాయలు, కరివేపాకు వేయించి, చింతపండు, వెల్లుల్లి వేసి దంచింది. గుంటూరు వాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు, మా ఏలూరు వాళ్ళ కోసం చెబుతున్నాను.

సోమవారం అదే పిండిలో కాస్త బియ్యప్పిండి కలిపి అట్లు. మంగళవారానికి పిండి పులిసి, బుడగలు తేలి, గిన్నె అంచుదాకా లేచి ఉండేది. అప్పుడు దాంట్లో జీలకర్ర, అల్లం, పచ్చిమిర్చి వేసి దిబ్బరొట్టె. అంచేత మా ఇంట్లో పుల్లబడ్డ పిండి ఏ వారం కనపడ్డా అది మంగళవారం పిండే.

ఫ్రిజ్ లేని రోజులు. పిండి గిన్నెని నీళ్ళ పళ్ళెంలో పెట్టి, గాలి తగిలే కిటికీ దగ్గర ఉంచేవాళ్ళం. చలికాలంలో సరిగ్గా లెక్క ప్రకారం నడిచేది. ఎండాకాలం వస్తే మాత్రం మంగళవారం సోమవారమే వచ్చేసేది. గుంటూరు ఎండల్లో ఒక్కోసారి ఆదివారం సాయంత్రానికే వచ్చేది. 1986లో నాన్న వాయిదాల మీద ఫ్రిజ్ కొన్నారు. అప్పటినుంచి మంగళవారం గురువారానికి జరిగింది. నాయనమ్మకి ఇది నచ్చలేదు. "పిండిని జోకొట్టి పడుకోబెట్టినట్టుంది" అనేది. ఆవిడ మాటలో నిజం ఉంది. ఫ్రిజ్‌లో పులిసిన పిండికీ, బయట పులిసిన పిండికీ ఒకే పులుపు రాదు. ఇది నేను ఎవరితోనైనా వాదిస్తాను.

నాన్న రిటైరైన వారానికి ఎవరో "ఎలా ఉన్నారండీ" అని అడిగితే, "నాకేం, మంగళవారం పిండిని" అన్నారు. వాళ్ళకి అర్థం కాలేదు. అమ్మ వంటింట్లోంచి నవ్వింది.

దిబ్బరొట్టెకి మా ఇంట్లో ఒక ఇనప మూకుడు ఉండేది. నాయనమ్మ కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్నది. లోతుగా, మందంగా, ఒక చెవి వంకరగా. దానికి అంతే బరువైన ఇనప మూత, అంచు పైకి లేచి చిన్న పళ్ళెంలా ఉండేది. కుంపటి మీద మూకుడు పెట్టి, నాలుగు చెంచాల నూనె వేసి, రెండంగుళాల మందాన పిండి పోసి, మూత పెట్టి, ఆ మూత మీద నాలుగు నిప్పులు వేసేది నాయనమ్మ. కిందా పైనా ఒకేసారి కాలేది, తిరగెయ్యక్కర్లేదు. మధ్యలో మూత తీసి చూడకూడదు. తీస్తే ఆవిరి పోయి రొట్టె కూర్చుండిపోతుంది. వాసనే గుర్తు. గ్యాసు పొయ్యి వచ్చాక కూడా రొట్టె కోసం కుంపటి చాలాకాలం బతికింది. ఆ రొట్టె పైపెచ్చు కరకరమనేది, లోపల దూదిలా ఉండేది. పాతావకాయ ఊట పోసుకుని తింటే మధ్యాహ్నం అన్నం ఊసెత్తేవాళ్ళం కాదు. అమ్మకి కావలసింది కూడా అదే అనుకుంటాను.

బుధవారం ఉప్మా. దాని గురించి చెప్పుకునేది ఏమీ లేదు.

గురువారం పెసరట్టు. పెసలు రాత్రి నానబోసి, పొద్దున అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బి వెంటనే పోసేయాలి, పులవడంతో దానికి పని లేదు. హోటల్లో లాగా లోపల ఉప్మా పెట్టమని తమ్ముడు గొడవ చేసేవాడు. "నిన్న తిన్నారుగా ఉప్మా, దాన్ని మళ్ళీ దుప్పటి కప్పి పెట్టాలా" అనేది అమ్మ. శుక్రవారం ఉప్పుడుపిండి. బియ్యపు రవ్వ, పెసరపప్పు, పోపు. ఇత్తడి గిన్నెలో అడుగంటిన చెక్క కోసం నేనూ తమ్ముడూ కొట్టుకునేవాళ్ళం. దాన్ని సగానికి విరవడంలో ఎవరు ఎవర్ని మోసం చేశారో ఇప్పటికీ తేలలేదు. శనివారం పిండీ పప్పూ నిండుకుని చద్దన్నం, మాగాయ, నంజుకోడానికి ఉల్లిపాయ. ఆ సాయంత్రం మళ్ళీ రోలు.

ఇదంతా అమ్మ ఒక్కత్తి లెక్క. ఆరుగురికి అట్లు పోయడంలో పెద్దవాళ్ళకి మూడు, పిల్లలకి రెండు. మధ్యలో ఎవరైనా వస్తే పిండిలో అర గ్లాసు నీళ్ళు పడేవి, అట్లు పల్చబడేవి, ఎవరి లెక్కా తగ్గేది కాదు. టిఫిను దగ్గర అమ్మ ఎవరి సాయం అడిగేది కాదు, ఎవరికీ చెప్పేది కాదు. ఏ ఇంటి పొద్దుటి టిఫిను ఆ ఇంటి గుట్టు. వీధిలో అందరూ కలిసేది పండగలకే.

అందులో సంక్రాంతి మొదటిది. అరిసెలు ఒక్కరు చేసే వంట కాదు. చెయ్యాలని చూసిన వాళ్ళు చెడిపోయారు, మా అమ్మతో సహా. ఒక రోజంతా నానిన బియ్యాన్ని వడగట్టి, తడి ఆరకముందే దంచి జల్లించాలి. కేజీ బియ్యానికి ముప్పావు కేజీ బెల్లం. పాకం పట్టేవాళ్ళు ఒకరు, పిండి పోసేవాళ్ళు ఒకరు, కలిపేవాళ్ళు ఒకరు. ఆ తరువాత తట్టేవాళ్ళు, వేయించేవాళ్ళు, చెక్కల మధ్య పెట్టి నూనె ఒత్తేవాళ్ళు. చలిమిడి ఆరితే అంతే సంగతులు, కాబట్టి ఎవరూ ఆగడానికి లేదు. అందుకని ఒక రోజు మా ఇంట్లో, ఒక రోజు పక్కింటి అత్తయ్యగారింట్లో, మర్నాడు మేడ మీది పిన్నిగారింట్లో. పాకానికి మాత్రం ఎప్పుడూ ఎదురింటి మామ్మగారే. పళ్ళెంలో నీళ్ళు పోసుకుని, రెండు చుక్కలు పాకం వేసి, వేళ్ళతో దగ్గరికి లాగి ఉండ చేసి చూసేది. "పాకం చూడాల్సింది కళ్ళతో కాదే, వేళ్ళతో" అనేది.

ఒక ఏడు మామ్మగారు కూతురి పురిటికి నరసరావుపేట వెళ్ళింది. అమ్మకి పట్టుదల వచ్చింది. వేళ్ళతోనే చూసింది, ఉండా అయింది. కానీ పిండి పోసేవాళ్ళు వచ్చేదాకా ఆగింది. ఆ రెండు నిమిషాల్లో పాకం ముదిరిపోయింది. మర్నాడు మా తమ్ముడు ఒక అరిసె తీసుకుని గోడకేసి కొట్టి చూశాడు. గోడ సున్నం రాలింది కానీ అరిసె విరగలేదు. అమ్మ రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. చివరికి నాయనమ్మ ఇడ్లీ పాత్రలో నీళ్ళు మరిగించి, అరిసెల్ని గుడ్డ మీద పేర్చి ఆవిరి పెట్టింది. మెత్తబడ్డాయి. ఆ పండక్కి మేం అరిసెల్ని ఇడ్లీల్లా వాయిలు వాయిలుగా తిన్నాం.

జంతికల గొట్టం కథ ఇంకోటి. మా లైనులో ఇత్తడి గొట్టం ఉన్నది అత్తయ్యగారింట్లోనే. దాని మీద వాళ్ళ ఇంటిపేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉండేది. ధనుర్మాసం సగంలో బయలుదేరిందంటే భోగి ముందు రోజుకి గానీ సొంతింటికి చేరేది కాదు. ఎవరింట్లో ఉందో పిల్లలకి తెలిసేది, ఎందుకంటే మోసేది మేమే. అది ఏ ఇంటినుంచి బయల్దేరినా లోపల ఏదో ఒకటి పెట్టి ఇచ్చేవాళ్ళు. ఎరువు తెచ్చుకున్న గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదు. నాలుగు జంతికలో, రెండు నిమ్మకాయలో, ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారో. ఒకసారి దారిలో ఆ జంతికలు తినేసి ఖాళీ గొట్టం ఇచ్చాను. అత్తయ్యగారు ఏమీ అనలేదు, కానీ లోపలికి చూసింది. ఆ చూపు ఇంకా గుర్తుంది.

పండగ అయ్యాక కొన్నాళ్ళకి ఊరంతా మిరపకాయ వాసన వేసేది. మిర్చి యార్డుకి సరుకు దిగే రోజులు. యార్డు వైపునుంచి గాలి వీస్తే కారణం లేకుండా తుమ్ములు వచ్చేవి. నాన్న తెలిసినవాళ్ళ ద్వారా రెండు రకాల కాయలు తెచ్చేవారు, ఒకటి రంగుకి, ఒకటి ఘాటుకి. డాబా మీద ఎండబోసి, లైనులో ఆడవాళ్ళంతా కూర్చుని తొడిమలు తీసేవాళ్ళు. మధ్యాహ్నానికి చేతులు భగ్గుమనేవి. మజ్జిగలో ముంచుకుని కూర్చునేవాళ్ళు, ఆ మండే చేతులతోనే ఊళ్ళో వాళ్ళందరి కాపురాలూ దులిపేవాళ్ళు. కారం మిల్లు దగ్గర మాత్రం ముక్కుకి తడి గుడ్డ కట్టుకుని నాన్నే నిలబడేవారు. మన కాయలు పోసి పక్కవాడి కారం తెచ్చుకుంటే ఏడాదంతా బాధ పడాలని ఆయన భయం.

మా స్నేహితురాళ్ళం ఐదుగురం. పేర్లు రాస్తే తంతారు కనక, అప్పట్లో మేం పిలుచుకున్నట్టే పేటల పేర్లతో చెబుతాను. పట్టాభిపురం, కొరిటెపాడు, కొత్తపేట, ఆనందపేట, నేను బ్రాడీపేట. స్కూల్లో ఒకే పేరున్న వాళ్ళు ముగ్గురుండడంతో మొదలైన అలవాటిది.

మా అందరికీ ఇష్టమైన పండగ అట్లతద్ది. సంక్రాంతీ దసరా పెద్దవాళ్ళవి, ఇది మాది. రోజూ తినే అట్టుకి ఏడాదిలో ఆ ఒక్క రోజు పూజ. ఆశ్వయుజ పున్నమి వెళ్ళిన మూడోనాడు. ముందు రోజు రాత్రి గోరింటాకు పెట్టుకుని, ఆ చేతులు దుప్పటికి అంటకుండా పడుకుని, తెల్లవారుజామున నాలుక్కి లేచేవాళ్ళం. చీకటుండగానే అన్నం తినేయాలి. గోంగూర పచ్చడి, ఉల్లిపాయ పులుసు, గడ్డ పెరుగు. పగలు ఎప్పుడు తిన్నా ఆ గోంగూరకి ఆ రుచి రాదు. తినగానే వీధిలోకి. ఆరట్లు, మూడట్లు అని అరుచుకుంటూ లైన్లన్నీ చుట్టేసేవాళ్ళం. కుక్కలు మొరిగేవి, ఎవరో ఒక పెద్దాయన కిటికీ తెరిచి తిట్టేవారు. మా పెరట్లో వేపచెట్టుకి ఉయ్యాల. పగలంతా పచ్చి మంచినీళ్ళు కూడా లేకుండా ఉండి, చందమామ కనపడ్డాక గౌరమ్మకి అట్లు. వాయనానికి పదకొండు. వాయనం అట్లు మా అమ్మ పోస్తే గుండ్రంగా వచ్చేవి. మేం పోస్తే ఒకటి కృష్ణా జిల్లాలా, ఇంకోటి గుంటూరు జిల్లాలా. మబ్బు పట్టి చందమామ కనపడని ఏడు, కొరిటెపాడు ఆగలేక, "వీధి లైటు చూస్తే సరిపోదా పిన్నీ" అని మా అమ్మని అడిగింది.

ఆనందపేటకి ఉపవాసం లేదు కానీ ఉయ్యాలలో మొదటి వంతు దానిదే. పొద్దుటి గోంగూర అన్నం మాతో పాటు తినేసి, మేం ఆకలితో మాడుతుంటే మధ్యాహ్నం ఇంటికెళ్ళి సుబ్బరంగా భోంచేసి వచ్చి మళ్ళీ కూర్చునేది. రంజాన్ రోజు వాళ్ళ అమ్మ ఒక స్టీలు టిఫిను నిండా షీర్ ఖుర్మా పంపేది. చిక్కటి పాలు, సన్న సేమ్యా, ఖర్జూరం, జీడిపప్పు. అమ్మా మేమూ తినేవాళ్ళం. నాయనమ్మ ముట్టుకునేది కాదు. ఇది దాచి చెప్పడం నాకిష్టం లేదు, ఆవిడ రోజులు అవి. కానీ ఆ టిఫిను తోమి, దాని నిండా పంచదార పోసి, నా చేతికిచ్చి పంపేది కూడా ఆవిడే. "ఖాళీగా ఇచ్చావనుకో, నీ సంగతి చెబుతా" అనేది. ఆ ఇంటి వంట తినని మనిషి, ఆ ఇంటి గిన్నె మర్యాద తప్పనిచ్చేది కాదు. ఆ రెండూ ఆవిడలో ఎలా ఇమిడాయో నాకు ఇప్పటికీ అంతు పట్టదు.

పెళ్ళిళ్ళయ్యాక మామూలే. పట్టాభిపురం హైదరాబాద్‌లో, కొరిటెపాడు బెంగళూరులో. ఆనందపేటా నేనూ విజయవాడలో ఉండి కూడా నెలకోసారి కలుసుకోలేని వాళ్ళం. గుంటూరు వదలనిది కొత్తపేట ఒక్కతే.

మళ్ళీ ఐదుగురం ఒక కప్పు కింద పడుకున్నది 2016 కృష్ణా పుష్కరాల్లో. పుష్కరాలు మొదలైంది ఆగస్టు 12న, శుక్రవారం. ఆ శనీ ఆదివారాలకి తోడు సోమవారం ఆగస్టు 15. అందరికీ సెలవు కలిసొచ్చింది. అమరావతిలో మునిగొద్దామని బ్రాడీపేటలో అమ్మ ఫ్లాట్‌లో దిగాం. ఆనందపేట "మీ పాపాలు మీరు కడుక్కోండి, నేను ఒడ్డున బట్టలు కాపలా కాస్తా" అంటూ వచ్చింది. నాన్న అప్పటికే లేరు. అమ్మకి డెబ్భై, మోకాళ్ళ నొప్పులు. వంటింటి గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంది.

శనివారం సాయంత్రం పిండి రుబ్బాం, గ్రైండర్‌లోనే. అయినా నేను అలవాటు కొద్దీ చప్పుడు వింటూ నిలబడ్డాను. ఆదివారం తెల్లవారుజామున ఇడ్లీలు మూట కట్టుకుని బయల్దేరాం. అమరావతి 35 కిలోమీటర్లు. జనంలో కారు ఎక్కడో ఆపేసి నడిచాం. కృష్ణలో మునిగి, అమరలింగేశ్వరుడికి బయటనుంచే దణ్ణం పెట్టుకుని, ఒడ్డున తడి జుట్టుతో కూర్చుని చల్లటి ఇడ్లీలు నల్లకారంతో తిన్నాం. ఆనందపేట నిజంగానే బట్టలకి కాపలా కాసింది, కొరిటెపాడు చెప్పులు పోయాయనుకోండి.

ఆ రాత్రి పండగ వంట చెయ్యాలని అందరికీ ఒకేసారి పుట్టింది. గారెలు, గుత్తివంకాయ, గోంగూర పప్పు, పులిహోర. ఇరవై ఏడేళ్ళు వేరే వేరే వంటిళ్ళలో రాణుల్లా బతికిన వాళ్ళని ఒక పొయ్యి దగ్గర నిలబెడితే ఏమవుతుందో అదే అయింది. పులిహోరలో ఆవ పెట్టాలని కొత్తపేట. పెడితే తను తిననని కొరిటెపాడు. గుత్తివంకాయలో కొబ్బరి వేస్తే గుంటూరు పరువు పోతుందని పట్టాభిపురం. అమ్మ కుర్చీలోంచి "సగం సగం చెయ్యండే, ఎందుకా గోల" అంటూనే ఉంది. ఈ గోలలో పులిహోరకి ఉప్పు ఇద్దరు వేశారు. ఇద్దరూ ఎదుటివాళ్ళు వెయ్యలేదనుకున్నారు. ఎవరెవరో నాకు తెలుసు, రాయను. దాన్ని సర్దడానికి ఇంకో కేజీ బియ్యం వండి కలపాల్సొచ్చింది. ఆరుగురు ఆడవాళ్ళకి ఆ పులిహోర వారం వస్తుంది. దాంతో డబ్బాల్లో పెట్టి వాచ్‌మన్ ఇంటికీ, అపార్ట్‌మెంట్‌లో ప్రతి తలుపుకీ పంచిపెట్టాం. పదేళ్ళుగా అక్కడున్న అమ్మకి కొందరి పేర్లు ఆ రాత్రే తెలిశాయి.

మర్నాడు డబ్బాలు తిరిగొచ్చాయి. తళతళా తోమి, ఖాళీగా. అమ్మ ఒక్కో మూతా తీసి చూసి పక్కన పెట్టింది, ఒకప్పుడు అత్తయ్యగారు గొట్టంలోకి చూసినట్టే. వాచ్‌మన్ భార్య డబ్బాలో మాత్రం రెండు అరటిపళ్ళు పట్టక, సగం బయటికి పొడుచుకుని ఉన్నాయి. "ఈ పిల్లదే ఊరు?" అని అడిగింది అమ్మ.

సోమవారం అట్లు. ఫ్రిజ్‌లో ఉన్న మిగతా పిండిని ఆ రాత్రి బయట పెట్టించింది అమ్మ. మంగళవారం మధ్యాహ్నం అందరూ రైళ్ళెక్కాలి. పొద్దున్నే మూత తీసి వాసన చూసి, "వచ్చింది" అంది. అటక మీదినుంచి మూకుడు దింపించింది. కుంపటి లేదు, నిప్పులు లేవు. మూత మీద ఏం వెయ్యాలి? పక్క పొయ్యి మీద అట్ల పెనం బాగా కాల్చి, దాన్ని ఎత్తి మూత మీద పెట్టమంది. పట్టకారుతో ఆ పెనం ఎత్తడానికి ఇద్దరం కావలసొచ్చింది. ఇరవై నిమిషాలు ఎవరూ మూత తియ్యకుండా అమ్మే కాపలా. తీశాక ఎవరూ మాట్లాడలేదు. ఆరు ముక్కలు కోసి ఆవకాయతో తిన్నాం. రైలు టైమవుతున్నా ఆనందపేట ఇంకో వాయి వెయ్యమని కూర్చుంది. వేశాం.

2020లో అమ్మ పోయింది. ఇంట్లోవి పంచుకునేటప్పుడు తమ్ముడు ఏం తీసుకోవాలో అది తీసుకున్నాడు. నేను మూకుడు అడిగాను. "ఆ చెవి వంకర దానికోసం ఇంత దూరం వచ్చావా అక్కా" అన్నాడు.

పోయిన సంక్రాంతికి గుంటూరు వెళ్తూ దాన్ని కొత్తపేటకి ఎరువిచ్చాను. వాళ్ళమ్మాయికి దిబ్బరొట్టె నేర్పాలట. నెల తరువాత ఎవరి కారులోనో మూకుడు వచ్చింది. లోపల పాత చీర ముక్కలో చుట్టిన నల్లకారం సీసా, నాలుగు నిమ్మకాయలు. మూత లేదు.

ఫోన్ చేశాను. "మూతేదే?"

"ఇక్కడే ఉంది, భద్రంగా ఉంది."

"పంపించచ్చుగా."

"అదీ పంపేస్తే నువ్వింక గుంటూరెందుకొస్తావే?"

మొన్న శుక్రవారం ఆ పుల్లటి పిండితో రొట్టె వేశాను. మూత బదులు స్టీలు పళ్ళెం, దాని మీద నీళ్ళ చెంబు బరువు. పళ్ళెం పల్చన, అంచుల్లోంచి ఆవిరి పోతూనే ఉంది. ఎంతసేపటికీ పైన కాలలేదు. విసుగొచ్చి అట్లకాడతో తిరగేశాను, మధ్యకి విరిగింది. మా ఆయన విరిగిన ముక్క తీసుకుని, ఊదుకుంటూ తింటూ, ఆవకాయ జాడీ ఎక్కడుందని అడిగారు.